పునరుజ్జీవన, బరోక్ వాస్తుశిల్పంలో ప్రాంతీయ శైలులు: తరచుగా అడిగే ప్రశ్నలు

పునరుజ్జీవన శైలికీ బరోక్ శైలికీ తేడాను ఎలా గుర్తించాలి?

స్థూలంగా చెప్పాలంటే పునరుజ్జీవన వాస్తుశిల్పం 1420 ప్రాంతంలో ఫ్లారెన్స్‌లో మొదలై 16వ శతాబ్ది చివరిదాకా సాగింది. బరోక్ 1600 ప్రాంతంలో రోమ్‌లో రూపుకట్టి 18వ శతాబ్ది మధ్య వరకు, కొన్ని ప్రాంతాలలో ఇంకా ఎక్కువ కాలం నిలిచింది. ప్రాచీన రోమన్ కట్టడాల నుంచి తీసుకున్న స్తంభాలు, అర్ధవృత్తపు కమానులు, త్రికోణపు ముఖశిఖరాలు, గుమ్మటాలు రెండింటిలోనూ కనిపిస్తాయి. వాటిని వాడిన తీరు మాత్రం వేరు.

రోమ్‌లోనే ఉన్న రెండు చిన్న కట్టడాలను పోల్చి చూస్తే ఈ తేడా బాగా తెలుస్తుంది. సాన్ పియెత్రో ఇన్ మొంతోరియో చర్చి ప్రాంగణంలో వాస్తుశిల్పి బ్రమాంతే కట్టిన గుండ్రటి మందిరం మీద 1502 అనే సంవత్సరం చెక్కి ఉంది. 16 స్తంభాలు ఒకే ఎడంతో వృత్తంగా నిలిచి ఉంటాయి, లోపలి గది వాటికి కేంద్రంలో ఉంటుంది, పైన అర్ధగోళపు గుమ్మటం ఉంటుంది. ఎటు నుంచి చూసినా కట్టడం ఒక్కలాగే కనిపిస్తుంది, ఒక్క చూపులో మొత్తం అర్థమవుతుంది. అదే నగరంలో బొరొమినీ 1638లో మొదలుపెట్టిన సాన్ కార్లో చర్చిలో గోడలు ఒకచోట ముందుకు ఉబ్బి మరోచోట లోపలికి వంగుతాయి. అండాకారపు గుమ్మటం లోపలి భాగంలో శిలువలు, షడ్భుజాలు, అష్టభుజాలు ఒకదానిలో ఒకటి ఇమిడిపోతూ పైకి వెళ్లేకొద్దీ చిన్నవవుతాయి. అందువల్ల గుమ్మటం ఉన్న ఎత్తు కంటే ఎక్కువ ఎత్తున తేలుతున్నట్టు అనిపిస్తుంది. వాటికన్‌లోని సెయింట్ పీటర్స్ బసిలికా గుమ్మటాన్ని మోసే నాలుగు మహాస్తంభాలలో ఒక్కదాని మందంలో ఈ చర్చి అంతా ఇమిడిపోతుందని చెబుతారు. అంత తక్కువ స్థలంలో కంటిని అంతసేపు తిప్పగలగడం బరోక్ సాధించిన పని.

మూలం ఒకటే అయినప్పుడు ప్రాంతానికొక రూపం ఎందుకు వచ్చింది?

ఈ శైలులు ముద్రిత గ్రంథాల ద్వారా, ఊరూరా తిరిగిన మేస్త్రీల ద్వారా వ్యాపించాయి. ఇటలీ వాస్తుశిల్పులలో విన్యోలా 1562లో ప్రచురించిన స్తంభాల కొలతల పుస్తకం, పల్లాడియో 1570లో వెనిస్‌లో వెలువరించిన నాలుగు సంపుటాల గ్రంథం ఐరోపా అంతటా మేస్త్రీల చేతుల్లో మెదిలాయి. స్తంభం మందానికీ ఎత్తుకూ ఉండవలసిన నిష్పత్తిని పుస్తకం చెప్పగలదు. అయితే ఆ స్తంభాన్ని ఏ రాతితో చెక్కాలి, ఆ రాయి ఎంత బరువు మోస్తుంది, పైకప్పు ఎంత మంచును తట్టుకోవాలి, డబ్బిచ్చే రాజు లేదా మఠం దేనిని గొప్పగా భావిస్తుంది అన్నవి స్థానికంగా తేలవలసిన విషయాలు.

ఇటలీ కట్టడాలను అసలుగానూ మిగతా దేశాల కట్టడాలను వాటికి పలచబడిన నకళ్లుగానూ చూసే అలవాటు చాలా పాఠ్యగ్రంథాలలో ఉంది. ఆ చూపు సరైనది కాదని ఈ వ్యాసకర్త గట్టిగా నమ్ముతున్నాడు. సిసిలీ, బవేరియా, ఆరెకిపా, గోవా కట్టడాలను రోమ్ కొలతతో కొలిస్తే వాటిలోని తెలివిడి సగం మన కంట పడదు.

ఫ్లారెన్స్ కతీడ్రల్ గుమ్మటానికి ఇంత ప్రాధాన్యం ఎందుకు?

శాంతా మరియా దెల్ ఫియోరె కతీడ్రల్ గోడలు లేచి చాలా కాలమైనా నడిమధ్యన 40 మీటర్లకు పైబడిన అష్టభుజాకారపు ఖాళీ అలాగే ఉండిపోయింది. సాధారణంగా కమాను కట్టాలంటే కింద నుంచి చెక్కతో సెంట్రింగ్ వేసి, దాని మీద రాయి పేర్చి, సున్నం గట్టిపడిన తరువాత దాన్ని విప్పేస్తారు. నేల నుంచి 50 మీటర్లకు మించిన ఎత్తులో, అంత వెడల్పున సెంట్రింగ్ వేయడానికి సరిపడే కలప సమకూర్చడం అసాధ్యమనిపించింది. 1420లో పని మొదలుపెట్టిన ఫిలిప్పో బ్రూనెల్లెస్కీ కింద నుంచి సెంట్రింగ్ లేకుండానే గుమ్మటాన్ని లేపి 1436కి ముగించాడు.

ఆయన అనుసరించిన పద్ధతి తాపీపని తెలిసినవారికి ప్రత్యేకంగా నచ్చుతుంది. గుమ్మటాన్ని రెండు పొరలుగా కట్టాడు. లోపలి పొర మందంగా ఉండి బరువు మోస్తుంది, పలుచని బయటి పొర వానను ఆపుతుంది, రెండింటి మధ్య పైకి ఎక్కడానికి మెట్లున్నాయి. గోడ లోపలికి వాలేకొద్దీ తడి సున్నం మీద పెట్టిన ఇటుక జారిపోయే ప్రమాదం ఉంటుంది కాబట్టి, అడ్డంగా పరిచిన వరుసల మధ్య కొంత ఎడంతో ఇటుకలను నిలువుగా నిలబెట్టారు. ఈ నిలువు ఇటుకలు చేపముల్లు ఆకారంలో మెలికతిరుగుతూ పైదాకా వెళ్తాయి, వాటి మధ్య ఇరుక్కున్న ఇటుకలు సున్నం ఆరేలోపు కదలవు. గుమ్మటం బరువుకు అడుగుభాగం బయటికి విచ్చుకోకుండా ఇనుప బిగింపులతో కలిపిన రాతి దిమ్మెల గొలుసులను, ఒక కలప గొలుసును గోడలోనే చుట్టూ బిగించారు.

ఫ్లారెన్స్ ప్రాంతపు ముద్ర ఇతర కట్టడాల మీద మరో విధంగా కనిపిస్తుంది. దగ్గరి గనులలో దొరికే బూడిదరంగు ఇసుకరాయితో స్తంభాలు, కమానులు చెక్కి, మధ్యలోని గోడకు తెల్లటి సున్నం పూస్తారు. 1419లో బ్రూనెల్లెస్కీ మొదలుపెట్టిన అనాథ శిశువుల ఆశ్రమం వసారాలో స్తంభాల మధ్య ఎడం, స్తంభం ఎత్తు, వసారా లోతు ఒకే కొలతలో ఉంటాయి. తెల్లటి గోడ మీద బూడిదరంగు గీతలుగా ఈ లెక్క అంతా చూపరికి అందుతుంది. ధనికుల భవనాలు మాత్రం వీధివైపు కోటగోడల్లా కఠినంగా ఉంటాయి. 1444లో మొదలైన మెదిచి కుటుంబపు భవనంలో కింది అంతస్తు రాళ్లు గరుకుగా ముందుకు పొడుచుకువచ్చి, పై అంతస్తులకు వెళ్లేకొద్దీ నునుపవుతాయి.

రోమ్ శైలిలో ప్రత్యేకత ఏమిటి?

ప్రాచీన శిథిలాలు కళ్లెదుటే ఉన్న నగరం కావడం, పోపుల ఆదరణ, తివోలీ దగ్గర పుష్కలంగా దొరికే ట్రావర్టీన్ రాయి, ఈ మూడూ కలిసి రోమ్ కట్టడాలకు భారీతనాన్ని ఇచ్చాయి. సెయింట్ పీటర్స్ బసిలికాకు 1506లో పునాది పడింది. బ్రమాంతే తరువాత పలువురు ప్రణాళికలు మార్చారు, మైకెలాంజెలో రూపకల్పన చేసిన గుమ్మటాన్ని ఆయన మరణానంతరం జాకొమో దెల్లా పోర్తా 1590 నాటికి లేపాడు, చివరికి 1626లో ప్రతిష్ఠ జరిగింది. మొదటి రాయి నుంచి ప్రతిష్ఠ దాకా గడిచిన 120 ఏళ్లలో ఒక శైలి ముగిసి మరొకటి మొదలైంది కాబట్టి, ఆ ఒక్క కట్టడంలో రెండు యుగాలూ ఉన్నాయి.

చర్చి ముందరి విశాలమైన ఆవరణను శిల్పి, వాస్తుశిల్పి బెర్నినీ 1656లో చేపట్టి 1667 వరకు నిర్మించాడు. నాలుగు వరుసలలో 284 స్తంభాలు ఆవరణను రెండు వైపులా చుట్టి ఉంటాయి. నేలమీద గుర్తుగా పొదిగిన రెండు రాళ్లలో దేని మీద నిలబడి ఆ వైపు స్తంభాలను చూసినా, నాలుగు వరుసలూ ఒకదాని వెనుక ఒకటి దాగి ఒకే వరుసగా కనిపిస్తాయి. అక్కడి నుంచి రెండడుగులు పక్కకు వేస్తే మళ్లీ స్తంభాల అడవి తెరుచుకుంటుంది.

వెనిస్ కట్టడాలు తేలికగా కనిపించడానికి కారణం ఉందా?

కారణం నేలలోనే ఉంది. వెనిస్ ఉప్పుటేరు బురదలో చెక్క గుంజలు దిగ్గొట్టి, వాటి మీద లేపిన నగరం. బరువు పెరిగితే కట్టడం కుంగుతుంది. అందుకే గోడలు ఇటుకతో కట్టి, నీటికి తట్టుకునే తెల్లటి ఇస్త్రియా రాతిని ముఖభాగానికీ పునాది వరుసలకూ వాడేవారు. 1630 నాటి ప్లేగు తగ్గాలని నగరపాలకులు మొక్కుకుని కట్టించిన శాంతా మరియా దెల్లా సలూతె చర్చి పని 1631లో మొదలై 1687లో ముగిసింది. బల్దసారె లొంగేనా దానిని అష్టభుజాకారంలో రూపొందించాడు. దాని పెద్ద గుమ్మటం బయటి పొర రాతిది కాదు, చెక్క చట్రం మీద సీసపు రేకు తొడిగినది. గుమ్మటం చుట్టూ నత్తచిప్పల్లా చుట్టుకున్న భారీ రాతి ఊతాలు కాలువ మీద నుంచి చూసేవారికి చర్చిని వెంటనే గుర్తుపట్టేలా చేస్తాయి.

వెనిస్ పాలనలోని భూభాగంలో పనిచేసిన పల్లాడియోది మరో దారి. విచెంజా దగ్గరి విల్లా రొతోందాతో సహా ఆయన కట్టిన ఎన్నో భవనాలలో రాతివిగా కనిపించే స్తంభాలు నిజానికి ఇటుకతో కట్టి గార పూసినవి. పాలరాయి కొనలేని జమీందారుకు కూడా రోమన్ ఆలయపు హుందాతనం అందుబాటులోకి వచ్చింది. ఆయన ప్రభావం ఇంగ్లండ్, అమెరికాలకు అంత తేలికగా పాకడానికి ఈ పొదుపు కూడా ఒక కారణమని అనుకోవచ్చు.

ఫ్రాన్స్ ఇటలీ పద్ధతిని పూర్తిగా ఎందుకు స్వీకరించలేదు?

ఫ్రాన్స్‌కు అప్పటికే మధ్యయుగపు గోథిక్ శైలి కాలం నుంచి వచ్చిన బలమైన రాతిపని సంప్రదాయం ఉంది. ఫ్రాన్స్వా రాజు 1519లో మొదలుపెట్టిన షాంబోర్ కోటలో ఇటలీ ప్రభావపు సమతూకం నేలప్రణాళికలో ఉంటే, కప్పు మీద మాత్రం నిటారు పలకరాతి పైకప్పులు, పొగగొట్టాలు, చిన్న శిఖరాలు గుంపుగా లేచి ఉంటాయి. నడుమనున్న మెట్లదారిలో రెండు మెట్లవరుసలు ఒకదాని చుట్టూ మరొకటి పెనవేసుకుని పైకి వెళ్తాయి. ఒక వరుసలో ఎక్కేవారు మరో వరుసలో దిగేవారిని మధ్యలోని కిటికీల గుండా చూడగలరు కాని ఎదురుపడరు.

1665లో పద్నాలుగవ లూయీ పిలుపు మీద బెర్నినీ పారిస్ వచ్చి లూవ్ర్ రాజభవనానికి నమూనాలు గీశాడు. ఆయనకు గొప్ప మర్యాదలు జరిగాయి, శంకుస్థాపన కూడా అయింది. అయినా గదుల సౌకర్యం గురించి మంత్రి కొల్బేర్ లేవనెత్తిన అభ్యంతరాలు, స్థానిక వాస్తుశిల్పుల అయిష్టత కలిసి ఆ ప్రణాళికను పక్కకు నెట్టాయి. దాని బదులు 1667 నుంచి లేచిన తూర్పు ముఖభాగంలో వంపులు లేవు, జంట స్తంభాల నిడుపైన వరుస ఉంది. ఫ్రెంచి బరోక్ ఆ గీతనే పట్టుకుని సాగింది. వంపుతిరిగే గోడలకంటే తిన్నని దారులు, పొడవైన చూపులు, క్రమబద్ధమైన తోటలు దానికి ఇష్టం. 73 మీటర్ల పొడవున్న వెర్సాయ్ అద్దాల మండపంలో 17 కిటికీలకు ఎదురుగా 17 కమానులలో 357 అద్దాలు అమర్చారు. తోట వెలుగు మండపమంతా పరుచుకోవడానికి గోడను వంచవలసిన అవసరమే రాలేదు.

స్పెయిన్‌లో ఒకవైపు ఎస్కోరియల్ వంటి నిరాడంబరత, మరోవైపు విపరీతమైన నగిషీ ఎలా సాధ్యమయ్యాయి?

రాయి, కాలం, పోషకుడు మారడం వల్ల. సాలమాంకా దగ్గర దొరికే బంగారు ఛాయ ఇసుకరాయి గని నుంచి తీసినప్పుడు మెత్తగా ఉండి, గాలి తగిలాక గట్టిపడుతుంది. 16వ శతాబ్ది తొలి భాగంలో అక్కడి విశ్వవిద్యాలయపు ముఖభాగం మీద వెండిపనిని తలపించేంత సన్నటి చెక్కడం సాధ్యమైంది. 1563 నుంచి 1584 వరకు రెండవ ఫిలిప్ రాజు కట్టించిన ఎస్కోరియల్‌కు, అంటే మఠమూ రాజభవనమూ కలిసిన కట్టడానికి, వాడింది గ్వాదర్రామా కొండల గ్రానైట్. అది ఉలికి తేలికగా లొంగదు. తీవ్రమైన భక్తి గల ఆ రాజుకు ఆడంబరం అవసరం లేదు, వాస్తుశిల్పి హువాన్ దె ఎర్రేరా కూడా ఆ అభిరుచికి తగినవాడు.

18వ శతాబ్దిలో గాలి మారింది. తొలేదో కతీడ్రల్‌లో నార్సీసో తొమే 1732లో ముగించిన పీఠం దగ్గర, పాత గోథిక్ కప్పుకే రంధ్రం తొలిచి ఆకాశపు వెలుగు సరిగ్గా శిల్పాల మీద పడేట్టు చేశాడు. సాంతియాగో కతీడ్రల్ పడమటి ముఖభాగాన్ని 1738 నుంచి 1750 వరకు మళ్లీ గ్రానైట్‌తోనే కట్టారు. కఠినమైన రాయి నగిషీకి పనికిరాదన్న మాటకు ఆ ముఖభాగం ఎదురు నిలుస్తుంది. కాబట్టి రాయి ఒక్కటే అన్నిటినీ నిర్ణయిస్తుందని అనుకోకూడదు.

సిసిలీ బరోక్‌కూ భూకంపానికీ ఉన్న సంబంధం ఏమిటి?

1693 జనవరి 11న ఆగ్నేయ సిసిలీని కుదిపివేసిన భూకంపం కతానియా, నోతో, రగూజా, మోదికా వంటి పట్టణాలను నేలమట్టం చేసింది, వేలాది మంది మరణించారు. దాని తరువాత వచ్చిన పునర్నిర్మాణం ఐరోపా చరిత్రలో అరుదైన సందర్భం, ఎందుకంటే ఒక ప్రాంతమంతా దాదాపు ఒకే కాలంలో, ఒకే శైలిలో తిరిగి లేచింది. నోతోను పాత చోట వదిలి కొన్ని కిలోమీటర్ల దూరంలో కొత్తగా నిర్మించారు. వీధులను వెడల్పుగా, తిన్నగా వేశారు. ఇళ్లు కూలినా తప్పించుకోవడానికి చోటుండాలన్న జాగ్రత్త కూడా ఆ వెడల్పులో ఉంది.

తేనెరంగు సున్నపురాయి సాయంత్రం ఎండలో మెరుస్తుంది. భవనాల బాల్కనీలను మోసే రాతి కొయ్యల మీద సింహాలు, గుర్రాలు, జలకన్యలు, వెకిలిగా నవ్వే ముఖాలు చెక్కి ఉంటాయి. నోతోలోని నికొలాచి భవనం బాల్కనీల కింద నిలబడితే ఒక్కో బాల్కనీకి ఒక్కో జంతుగుంపు కనిపిస్తుంది. రగూజాలో రొసారియో గల్యార్ది రూపొందించిన సాన్ జోర్జో చర్చిలో గంటల అంతస్తు ముఖభాగంలోనే కలిసి, పొడవైన మెట్లదారి చివర మూడంచెలుగా లేస్తుంది. కతానియాకు ఎట్నా అగ్నిపర్వతం నల్లటి లావారాయిని ఇచ్చింది, అక్కడి భవనాలు నలుపు తెలుపుల జోడింపుతో ప్రత్యేకంగా ఉంటాయి. ఈ ప్రాంతపు ఎనిమిది పట్టణాలను 2002లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చారు. అంతకు ఆరేళ్ల ముందు, 1996లో నోతో కతీడ్రల్ గుమ్మటం కూలిపోయింది. దానిని పునర్నిర్మించి 2007లో తెరిచారు.

జర్మన్, ఆస్ట్రియన్, చెక్ ప్రాంతాలలో బరోక్ ఎందుకు ఆలస్యంగా వికసించింది?

1618 నుంచి 1648 వరకు సాగిన ముప్ఫై ఏళ్ల యుద్ధం ఆ ప్రాంతాలను పీల్చిపిప్పి చేసింది. 1683లో వియన్నా ముట్టడి విఫలమై ఒట్టోమన్ భయం తొలగిన తరువాత రాజులు, బిషప్పులు, మఠాలు పోటీపడి కట్టడం మొదలుపెట్టారు. అప్పటికి రోమ్‌లో బరోక్ తొలి తరం వెళ్లిపోయింది. ఈ ఆలస్యం వారికి మేలే చేసింది. రోమ్, తూరిన్ నగరాలలో జరిగిన ప్రయోగాల ఫలితాలన్నీ చేతిలో ఉన్నాయి కాబట్టి దీంట్సెన్‌హోఫర్ కుటుంబం ప్రాగ్‌లోనూ, బల్తజార్ నోయ్‌మన్ ఫ్రాంకోనియాలోనూ అంతకంటే ముందుకు వెళ్లగలిగారు. నోయ్‌మన్ 1743లో మొదలుపెట్టిన ఫీర్త్సేన్‌హైలిగెన్ చర్చి బయటి నుంచి మామూలు శిలువ ఆకారంలో ఉంటుంది. లోపలికి అడుగుపెడితే అండాకారపు వరండాలు ఒకదానిలోకి ఒకటి ఒరిగి, గోడ ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో పోల్చుకోవడం కష్టమవుతుంది.

బవేరియాలో గార పనివారి నైపుణ్యం ప్రసిద్ధి. వెస్సోబ్రున్ గ్రామం నుంచి బయలుదేరిన కుటుంబాలు తరాలపాటు చర్చిలకు గార నగిషీ చేశాయి. రాయి ఖరీదైనచోట చెక్క చట్రం మీద గార వేసి, దానికి రంగులు దిద్ది, పాలరాయి భ్రమను కల్పించారు. వూర్ట్స్‌బుర్గ్ బిషప్పు భవనంలో నోయ్‌మన్ మధ్యలో ఒక్క స్తంభం కూడా లేకుండా మెట్లదారి మీద వేసిన కప్పు, దాని మీద తియెపొలో 1753 నాటికి ముగించిన చిత్రం, 1945 మార్చి బాంబుదాడిలో నగరమంతా కాలిపోయినా నిలిచాయి.

ప్రొటెస్టెంట్ దేశాలలో బరోక్ లేదా?

ఉంది, కాని దాని అవసరాలు వేరు. అక్కడ చర్చి ప్రధానంగా ప్రసంగం వినే చోటు. లండన్‌లో 1666 అగ్నిప్రమాదం తరువాత క్రిస్టఫర్ రెన్ 1675 నుంచి 1710 వరకు కట్టిన సెయింట్ పాల్స్‌లో మూడు పొరల గుమ్మటం ఉంది. లోపలి నుంచి కనిపించేది ఒక ఇటుక గుమ్మటం, బయటికి కనిపించేది చెక్క మీద సీసం తొడిగిన మరో గుమ్మటం, ఈ రెండింటి మధ్య ఎవరికీ కనిపించని ఇటుక శంకువు పైనున్న బరువైన రాతి శిఖరాన్ని మోస్తుంది. జర్మనీలో గేయోర్గ్ బేర్ రూపకల్పనతో 1726 నుంచి 1743 వరకు లేచిన డ్రెస్డెన్ ఫ్రావెన్‌కిర్కె చర్చి ప్రొటెస్టెంట్ బరోక్‌లో అత్యున్నతమైనది. 1945 ఫిబ్రవరిలో కూలిన ఆ చర్చిని 2005లో పునఃప్రతిష్ఠించారు. శిథిలాల నుంచి ఏరి పెట్టిన పాత రాళ్లు కొత్త గోడలో నల్లటి మచ్చలుగా ఇప్పటికీ గుర్తుపట్టగలం.

రొకోకో ప్రాంతీయ శైలి అవుతుందా?

కాదు. అది 18వ శతాబ్దిలో ఫ్రాన్స్‌లో గదుల లోపలి అలంకరణగా పుట్టి, బవేరియాలో చర్చిలకు వ్యాపించిన చివరి దశ.

అమెరికా ఖండాల కట్టడాలను ఎలా చూడాలి?

స్పెయిన్, పోర్చుగల్ వలసపాలకులు తెచ్చిన నమూనాలను స్థానిక చేతులు చెక్కాయి. పెరూలోని ఆరెకిపాలో తెల్లటి అగ్నిపర్వత శిల, మెక్సికో నగరంలో ఎర్రటి లావారాయి, ప్వేబ్లాలో రంగుల పలకలు ఆ కట్టడాలకు వేరే ముఖం ఇచ్చాయి. బ్రెజిల్‌లోని ఔరో ప్రేతోలో అలైజాదిన్యో మెత్తటి సబ్బురాయితో చెక్కిన శిల్పాలు పోర్చుగీసు బరోక్‌కు లిస్బన్‌లో లేని మృదుత్వాన్ని ఇచ్చాయి. ఆ కట్టడాల వెనుక బలవంతపు చాకిరీ, బానిసత్వం ఉన్నాయన్న సంగతిని అందం గురించి మాట్లాడేటప్పుడు పక్కన పెట్టడం న్యాయం కాదు.

భారతదేశంలో ఈ శైలులను ఎక్కడ చూడవచ్చు?

మొదట గోవాకు వెళ్లాలి. పాత గోవాలోని సే కతీడ్రల్ పని 1562లో మొదలై 1619లో ముగిసింది. 1776లో కూలిన దాని ఒక గంటస్తంభాన్ని మళ్లీ కట్టలేదు. 1594లో మొదలై 1605లో ప్రతిష్ఠ పొందిన బోమ్ జెసూస్ బసిలికా ముఖభాగంలో స్తంభాలు, గుండ్రటి కిటికీలు, అంతస్తుల విభజన ఐరోపా గ్రంథాల నుంచి వచ్చినవే. గోడలు మాత్రం స్థానికమైన ఎర్రటి లాటరైట్‌వి. సూక్ష్మమైన చెక్కడానికి లొంగని ఆ రాతికి గట్టి నల్లరాతిని జోడించారు. 1950ల్లో బసిలికా గోడలకు ఉన్న సున్నపు పూతను తొలగించారు. నేడు పర్యాటకులు మెచ్చుకునే ఆ ఎర్రదనం కట్టినవారు ఉద్దేశించినది కాదు. చిల్లులున్న లాటరైట్‌కు కొంకణ వర్షాల నుంచి రక్షణ ఆ పూతే కాబట్టి, దాన్ని తొలగించడం పొరపాటన్నదే ఈ వ్యాసకర్త అభిప్రాయం.

ఈ బసిలికా లోపల ప్రాంతాల కలయిక మరింత దగ్గరగా కనిపిస్తుంది. సెయింట్ ఫ్రాన్సిస్ జేవియర్ దేహమున్న వెండి పేటికను 1630లలో గోవా కంసాలులు చేశారు. దాని కింది రంగురాళ్ల పీఠాన్ని ఫ్లారెన్స్ శిల్పి ఫొజ్జినీ రూపొందించగా, టస్కనీ పాలకుడు మూడవ కోసిమో కానుకగా పంపాడు. దానిని 1698లో అమర్చారు.

తెలుగు ప్రాంతాలతో నేరుగా సంబంధం ఉందా?

పునరుజ్జీవన, బరోక్ కాలాల కట్టడాల విషయంలో గోవాకు ఉన్నంత సంబంధం లేదు. పల్లాడియో వంశవృక్షంలో ఒక కొమ్మ మాత్రం హైదరాబాద్ దాకా వచ్చింది. ఇంగ్లండ్ వాస్తుశిల్పి ఇనిగో జోన్స్ 1613లో ఇటలీ వెళ్లి పల్లాడియో కట్టడాలను ఆయన గ్రంథంతో పోల్చి చూసి, ఆ పద్ధతిని ఇంగ్లండ్‌లో ప్రవేశపెట్టాడు. తరువాతి శతాబ్దిలో అది అక్కడి ప్రభువుల భవనాలకు ఇష్టమైన శైలి అయింది. 19వ శతాబ్ది తొలి దశకంలో నిజాం దర్బారులో బ్రిటిష్ ప్రతినిధి (రెసిడెంట్) అయిన జేమ్స్ అకిలీస్ కిర్క్‌పాట్రిక్ కోఠిలో కట్టించిన రెసిడెన్సీ భవనాన్ని మద్రాసు ఇంజినీర్లకు చెందిన సామ్యూల్ రస్సెల్ ఆ పద్ధతిలోనే రూపొందించాడు. ఎత్తైన కొరింథియన్ స్తంభాలు, వాటి మీది త్రికోణపు ముఖశిఖరం, ముందరి వెడల్పాటి మెట్లు విచెంజా విల్లాల నుంచి లండన్ మీదుగా వచ్చినవే. ఆ భవనం ఇప్పుడు కోఠి మహిళా విశ్వవిద్యాలయ ప్రాంగణంలో ఉంది.